ఇల్లు – వాకిలి: నీటి త్రోవ నెరిగి నేల కొనవలెను



ఆడుదాని చేతి బంగారము భూమిగా మారునప్పుడు ఇంట నందరికిని సంతోషమే. నగలు పెట్టెలో నుండిన దొంగల భయము, భూమి నెవ్వడును మూటగట్టుకొని పోలేడు గదా యని పెద్దలందురు. దొంగ పోలేడు సరే, ఆ భూమి మీదికి నీరు వచ్చి నిలిచినచో నేమి గతి? ఈ నెల నాకు వచ్చిన జాబులలో విజయవాడ సోదరి యొకరు ఈ ప్రశ్ననే అడిగినారు.

వారి జాబు సారాంశ మిది. పుట్టింటివారు పసుపుకుంకుమల క్రింద నిచ్చిన నగ లమ్మి, నగరమునకు ఉత్తరపు వైపున నూటయేబది గజముల స్థలము కొనవలెనని వారి సంకల్పము. దస్తావేజులు సరిగా నున్నవని వకీలుగారు చెప్పినారు. భర్తకును, అత్తగారికిని సమ్మతమే. అయినను 2024వ సంవత్సరపు వరద వారి మనస్సును వదలలేదు. అమ్మువారేమో, అది నూరేండ్ల కొకసారి వచ్చు వరదయనియు, వచ్చి పోయినది గనుక ఇక వీరి జీవితములో రాదనియు ధైర్యము చెప్పుచున్నారట. వరద పటములని యున్నవట గదా, వానిని మావంటివారము చదువగలమా యని ఆమె యడుగుచున్నారు.

చదువగలము. పంచాంగము చూచి తిథివారనక్షత్రములు తెలిసికొను మనకు పటము చదువుట కష్టము కాదు. ఏ పటము ఏమి చెప్పునో, ఏమి చెప్పదో తెలిసిన చాలును.

దస్తావేజు చెప్పనిది

మొదట నొక సంగతి గ్రహింపవలెను. దస్తావేజు, ఈ.సీ., పన్ను రసీదు ఇవన్నియు మనుష్యుల హక్కును గూర్చినవి. ఎవరు ఎవరికి అమ్మిరి, తాకట్టేమైన నున్నదా, హద్దులేవి యని అవి చెప్పును. వాన కురిసిన నాడు ఆ నేలమీద నీటికి గల అలవాటు మాత్రము వానిలో ఎక్కడను వ్రాసియుండదు. వకీలుగారు కాగితములు సరిగా నున్నవనిన మాట నిజమే. ఆయనను మనము నీటిని గూర్చి అడుగలేదు, ఆయన చెప్పను లేదు.

వ్యవసాయపు కుటుంబములలో పూర్వము ఈ జ్ఞానము నోటిమాటగా నుండెడిది. ఇది మెరక, అది పల్లము, ఇటు ఏరు పొంగును, అటు ఊట యుబుకును అని చేను కొనువాడు ముందుగానే కనుగొనెడివాడు. ఆ చేనే గజముల లెక్కను స్థలములుగా చీలి, రాళ్లు పాతి, రంగులు వేసి అమ్మకమునకు వచ్చునప్పటికి ఆ మాటలన్నియు మాసిపోవును. దూరమునుండి వచ్చి కొనువారికి చదునైన నేల మాత్రమే కనబడును.

బుడమేరు నేర్పిన పాఠము

విజయవాడ యనగానే అందరికిని కృష్ణ జ్ఞప్తికి వచ్చును. 2024 సెప్టెంబరు 2వ తేదీని ప్రకాశము బ్యారేజి నుండి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు పోయెను. బ్యారేజి చరిత్రలో అంత నీరు అంతకుముందు చూచియుండలేదు. 2009 అక్టోబరులో వచ్చిన 11.10 లక్షల క్యూసెక్కులే అప్పటివరకు అధికము. క్యూసెక్కనగా సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, సుమారు ఇరువదియెనిమిది లీటర్లు, అనగా పెద్ద బిందెలు రెండని యనుకొనుడు. రెప్పపాటు కాలములో పదునొకండు లక్షల జతల బిందెలు మీ యెదుట దొర్లిపోయినట్లు భావించిన ఆ ప్రవాహము మనస్సుకు తట్టును.

అయినను ఆ యేడు నగరమును ముంచినది ప్రధానముగా కృష్ణ కాదు. కృష్ణలంక వైపున కట్టిన గోడ నదిని చాలవరకు ఆపినది. ఆపద వెనుక త్రోవను వచ్చినది. మైలవరము ప్రాంతపు కొండలలో పుట్టి, నగరపు ఉత్తర భాగమున పారి, కొల్లేటిలో కలియు బుడమేరు ఆ పని చేసినది. వెలగలేరు వద్ద ఆ యేటి నీటిని కొంత మళ్లించి, బ్యారేజికి ఎగువను కృష్ణలోనికి పంపుట కొక కాలువ కలదు. ఆగస్టు చివర కురిసిన కుండపోతకు ఆ కాలువకట్ట మూడు చోట్ల తెగెను. కృష్ణయే నిండి యుండుటచే ఏటినీటికి నదిలోనికి పోవ సులువు లేకపోయెను. సింగునగరము, పాయకాపురము మొదలగు పేటలలో మొదటి అంతస్తులు మునిగినవి. కొన్నిచోట్ల వారము దాటినను నీరు తీయలేదు. కట్టలు పూడ్చుటకు సైన్యము రావలసివచ్చినది.

దీనినిబట్టి మనము నేర్చుకొనవలసినది, నదికి దూరమున నున్నామను ధైర్యము చాలదని. నీరు నాలుగు విధముల రావచ్చును. పెద్దనది గట్టు దాటి రావచ్చును. చిన్నవాగు పొంగవచ్చును. ఎగువ చెరువుకట్ట తెగవచ్చును. 2020 అక్టోబరు నడుమ హైదరాబాదులో పలు కాలనీలు మునుగుటకు ఇదియు నొక కారణము. ఇవేవియు లేకున్నను, కురిసిన వాన పోవు దారి లేక పల్లమున నిలిచిపోవచ్చును. ఎవరైన వరద పటము చూపినప్పుడు, ఇది ఏ నీటి పటమండీ యని మొదట నడుగుడు. నది వరద పటములో తెల్లగా నున్న స్థలము వాగు వరద పటములో నీలముగా నుండవచ్చును.

అడుగుల లెక్క

వానకాలమున పత్రికలలో నీటిమట్టపు అంకెలు చూచుచుందుము. భద్రాచలము వద్ద గోదావరి 43 అడుగులకు వచ్చిన మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది యిత్తురు. 1986 ఆగస్టులో అచ్చట 75.6 అడుగులును, 2022 జులైలో 71.3 అడుగులును వచ్చినవి. దిగువను ధవళేశ్వరము వద్ద మొదటి హెచ్చరిక 11.75 అడుగులకే యిత్తురు. భద్రాచలమున 43, ధవళేశ్వరమున పదునొకండు ముప్పాతికయా, నీరు తగ్గినదేమో యని భ్రమపడరాదు. ప్రతి కొలతబద్దకు సున్న ఎక్కడ పెట్టిరో దానినిబట్టి అంకె యుండును. ఒక ఊరి అంకెతో మరియొక ఊరి అంకెను పోల్చుట, వీసెను మానికతో పోల్చుట వంటిది.

మరి ఆ అంకె మన యింటికేమి పనికివచ్చును? మన గుమ్మమునకు సంబంధము కలిపినచో ఎంతయో పనికివచ్చును. నది యొడ్డున నున్న ఊళ్ల సోదరీమణులు ఇట్లు చేయవలెను. ఫలాని యేడు కొలతబద్ద ఇంత చూపినప్పుడు నీరు మన వీధిలో ఎంతవరకు వచ్చినది? రామాలయపు మెట్టు తగిలినదా, నూతి వరకు వచ్చినదా, మన అరుగు ఎక్కినదా? పెద్దల నడిగి నాలుగైదు సంవత్సరముల వివరములు ఒక పుస్తకములో వ్రాసి పెట్టుకొనుడు. అటుపై రేడియోలో అంకె వినినప్పుడు, బియ్యము అటక కెక్కించుటకును, పశువులను తోలుకొని పోవుటకును ఎంత వ్యవధి యున్నదో మీకే తెలియును. కేంద్ర జలసంఘమువారి వరద సూచనలు ఇప్పుడు చేతి ఫోనులో సయితము చూడవచ్చును. ఆ సూచనను మీ గుమ్మము భాషలోనికి మార్చు పని మాత్రము మీదే.

నూరేండ్ల వరద యను మాట

ఇక ఆ యమ్మువారి మాటను విచారింతము. నూరేండ్ల వరద యనిన, ఒకసారి వచ్చి నూరేండ్లు సెలవు తీసికొని పోవు వరద యని యర్థము కాదు. ఏ సంవత్సరమునందైనను అంతటి వరద వచ్చుటకు నూటికి ఒకపాలు అవకాశము కలదని యర్థము. ఒక సంచిలో నూరు గవ్వలు వేసి, వానిలో ఒక దానికి నల్లరంగు పూయుడు. ఏటేట కన్నులు మూసికొని ఒక గవ్వను తీసి చూచి, మరల సంచిలోనే వేయవలెను. నల్లగవ్వ ఈ యేడు వచ్చినంతమాత్రమున వచ్చే యేడు రాదని చెప్పగలమా? సంచిలో అది యట్లే యున్నది గదా!

ఇట్లు ముప్పది యేండ్లు తీసినచో, అనగా నేటి చంటిబిడ్డ పెరిగి పెద్దదై తన బిడ్డను చంక నెత్తుకొనునంత కాలములో, నల్లగవ్వ ఒక్కసారియైన వచ్చుటకు నూటికి ఇరువదియారు పాళ్లు అవకాశము కలదు. అది ఇరువదియైదేండ్ల వరద యైనచో ఆ ముప్పదియేండ్లలో నూటికి డెబ్బది పాళ్లు. ఇల్లు ఒక తరమునకైన నిలువవలెనని కట్టుకొందుము. కనుక మనము చూడవలసినది ఈ యేటి అదృష్టమును కాదు, తరము పొడవున నడుచు లెక్కను.

మరియొక చిక్కు కలదు. ఈ లెక్కలు గడచిన వానల నుండి, ప్రవాహముల నుండి కట్టినవి. పొలము లుండినచోట సిమెంటు పరచినప్పుడు నేల త్రాగవలసిన నీరు వీధిలో పారును. అప్పుడు పాత లెక్క తక్కువ చెప్పును. సంచిలో నల్లగవ్వలు మన చేతులారా మనమే పెంచుచున్నట్లగును.

పటము చదువు విధము

పళ్లెములో తడిమట్టి ముద్ద నుంచి, నీరు పోయుచు, నీరు అంగుళము పెరిగినప్పుడెల్ల దాని అంచు వెంట ముద్ద చుట్టును పుల్లతో గీత గీయుడు. పైనుండి చూచిన ఆ గీతలు ఒకదానిలో నొకటిగా కనబడును. పటములలో సమోన్నత రేఖ లనునవి ఇవియే. ఇంజనీర్లు కాంటూరు లందురు. ఒకే గీతపై నున్న తావులన్నియు ఒకే యెత్తున నుండును. గీతలు దగ్గరగా నున్నచోట వాలు ఎక్కువ, దూరదూరముగా నున్నచోట నేల చదును. చదునైన నేలలో నీరు అడుగు పెరిగిన చాలును, చాల దూరము ప్రాకిపోవును. కృష్ణా గోదావరుల డెల్టా యట్టిది.

గీత కాగితముమీదిదే యైనను దాని బలము తక్కువ కాదు. 1999లో కొల్లేటి సరస్సును ఐదవ అడుగు కాంటూరు వరకు వన్యప్రాణి సంరక్షణ స్థలముగా ప్రకటించిరి. 2006 ప్రాంతమున ఆ గీతకు లోపల నున్న చేపల చెరువుల గట్లను పెద్దయెత్తున త్రవ్వివేసిరి. గీత యెక్కడ పోవుచున్నదో తెలియక డబ్బు పెట్టినవారు దుఃఖపడిరి.

అయితే ఏ పటము నేమి యడుగవలెనో తెలియవలెను. భారత సర్వే శాఖవారి సాధారణ పటములలో ఒక సెంటీమీటరు అర కిలోమీటరునకు సమానము, గీతకు గీతకు నడుమ ఎత్తు ఇరువది మీటర్లు. ఇల్లు మునుగుటకు ఒక్క మీటరు చాలును. కావున కొండ యెక్కడ, వాగు యెటు పారును అని ఆ పటము నడుగవచ్చును గాని, నా గుమ్మములోనికి నీరు వచ్చునా యని యడుగరాదు.

ఉపగ్రహముల నుండి తీసిన వరద పటములు మరియొక జాతివి. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రమువారు ఇట్టివి తయారుచేసి, భువన్ అను అంతర్జాల స్థానములో పెట్టుచున్నారు. మబ్బు పట్టియున్నను చూడగల రాడారు ఉపగ్రహములు నీటి పరపును పట్టుకొనును. పెక్కు సంవత్సరముల పటములు కలిపి, ఏ తావు ఎన్నిసారులు మునిగినదో రంగులలో చూపుదురు. కాని ఉపగ్రహము ఆ తావు మీదుగా పోయిన గడియలో నున్న నీటినే యది చూపగలదు. రాత్రి వచ్చి తెల్లవారునప్పటికి తీసిపోయిన నీరు తప్పిపోవచ్చును. కిక్కిరిసిన ఇండ్ల నడుమ సందులలోని నీరు సరిగా కనబడకపోవచ్చును. కనుక రంగు వేసినచోట నీరు వచ్చినదని నమ్ముడు. రంగు లేనిచోట నీరు రాదని నమ్మవలదు.

మూడవది మన పాత గ్రామ పటము. నా మట్టుకు నాకు దీనియందే ఎక్కువ గురి. సర్వే నంబరు చేతబట్టుకొని రెవిన్యూ వారి కచేరీలో అడిగినచో, ఆ నంబరు చుట్టును వాగు పోరంబోకు, కాలువ, కుంట, చెరువు అను పేర్లు ఉన్నవేమో చూడవచ్చును. కుంటను పూడ్చి స్థలములు వేసినను పాత పటములో కుంట చెరగిపోదు. తెలంగాణమున 2012 నాటి కట్టడ నిబంధనల ప్రకారము, పది హెక్టార్లు మొదలు ఆపై చెరువులకు పూర్తి నీటిమట్టపు గీతనుండి ముప్పది మీటర్లు, అంతకు చిన్నవానికి తొమ్మిది మీటర్లు విడిచి కట్టుకొనవలెను. చెరువు ఎండియున్న వేసవిలో స్థలము చూపించువారు ఈ గీత మాట యెత్తరు. మీరే యెత్తవలెను.

వరదమైదానములలో ఎక్కడ కట్టవచ్చునో ఎక్కడ కట్టరాదో నిర్ణయించు నమూనా బిల్లును కేంద్రప్రభుత్వము 1975లోనే రాష్ట్రములకు పంపినది. దానిని శాసనముగా చేసికొన్న రాష్ట్రములు బహుస్వల్పము. ఆసుపత్రులవంటివి నూరేండ్ల వరదమట్టమునకును, నివాసములు ఇరువదియైదేండ్ల వరదమట్టమునకును పైని ఉండవలెనని 2008లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థవారు మార్గదర్శకములు వ్రాసిరి. వ్రాసినది మన వీధివరకు వచ్చువరకు మన జాగ్రత్త మనది.

ఆ సోదరికి నా సమాధానము

అమ్మా, మీరు బయానా యిచ్చుటకు ముందు ఈ నాలుగు పనులు చేయుడు.

మొదటిది, ఆ సర్వే నంబరును గ్రామ పటములో చూచి, బుడమేటికిని దాని పాయలకును ఎంత దూరమో, వాని కట్టలు ఎటు నున్నవో తెలిసికొనుడు. రెండవది, 2024 వరద పటమును, అంతకు ముందటి పటములు దొరికినచో వానిని ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. మూడవది, గట్టి వాన కురిసిన మరునాడు స్వయముగా పోయి ఆ స్థలమున నిలువుడు. అమ్మువారి కారులో వలదు, ఇంటివారితో కాలినడకను పొండు. ఎదురింటి గోడమీద మరక ఎంత యెత్తున నున్నదో చూడుడు. అచ్చట పాలుపోయు ఆమెను, బట్టలు ఇస్త్రీ చేయు ఆమెను అడుగుడు. నీరు మీ మోకాలు వరకు వచ్చినదా, నడుము వరకా, ఎన్ని దినములు నిలిచినది, ఏ వైపునుండి వచ్చినది? ఈ మూడు ప్రశ్నలకు వారు చెప్పు జవాబు ఏ పటములోను దొరకదు. నాలుగవది, ఆ మరక కంటె ఒక అడుగు పైకి అరుగు లేపుటకు ఎంత ఖర్చగునో మేస్త్రీచేత లెక్క కట్టించి, దానిని స్థలము వెలకు కలిపి చూడుడు. అప్పుడు చౌక నిజముగా చౌకయేనా యని తేలును. మన అరుగు ఎత్తు చేసిన నీరు ప్రక్కవారింటికి పోవునేమో యనియు ఆలోచింపవలెను. ఇరుగుపొరుగుల కన్నీటిమీద కట్టిన ఇల్లు సుఖము నీయదు.

మరక నడుము ఎత్తున నున్నచో ఆ స్థలము వలదని నా మాట. అంతకంటె చిన్నదైనను, దూరమైనను మెరకనేల చూచుకొనుడు. అదియు దొరకనిచో నగలు మరియొక యేడు పెట్టెలోనే యుండనిండు.

ఇప్పటికే పల్లమున ఇల్లు కట్టుకొన్నవారు ఈ మాటలు చదివి దిగులుపడవలదు. పల్లమున నేల చౌక గనుక, పని దగ్గర గనుక వచ్చి స్థిరపడినవారే పెక్కురు. అది వారి తప్పు కాదు. దస్తావేజులు, బిడ్డల చదువు కాగితములు నీరు చొరని సంచిలో చుట్టి అటకమీద నుంచుడు. విద్యుత్తు మీటలను ఎత్తున పెట్టించుడు. 2021 ఏప్రిలు నుండి భీమా కంపెనీలు భారత్ గృహరక్ష యను పాలిసీని ఇచ్చుచున్నవి. వరద నష్టము దానిలో చేరియున్నది. ఇంటితో పాటు సామానులకును కొంత రక్షణ కలదు. కాని నేలకు భీమా లేదు, పోయిన నిద్రకు అసలే లేదు.

కడపట నొక్క మాట. స్థలము కొనుట మగవారి వ్యవహారమని మనలో పలువురు సంతకము పెట్టుటకు మాత్రమే పోవుదురు. నీరు వచ్చిన దినమున పొయ్యి ఆరిపోవునది, బిడ్డను భుజమున నెత్తుకొని నిలువవలసినది, నీరు తీసిన పిదప బురద యెత్తి కడుగవలసినది ఎవరో మనమెరుగుదుము. అంత భారము మోయువారికి ముందుగా పటము చూచు హక్కు లేదా? పటమును చాపమీద పరచి, ఇంటివారినందరిని చుట్టును కూర్చుండబెట్టి, మన ఇల్లు ఎక్కడ, నీరు ఎక్కడ అని వ్రేలు పెట్టి చూపుడు. ఆ సాయంకాలము వృథా పోదు.

మీమీ ఊళ్ల నీటి గురుతులను నాకు వ్రాయుడు. పదిమందికి పనికివచ్చువానిని వచ్చే నెలలో ప్రకటింతును.